1955 లాంచియా ఆరేలియా బి20 జీటీ అమ్మకానికి ఉంది: కొనే ముందు ఏమేమి చూడాలి?

రవిశంకర్, మ్యూనిక్:

అందరికీ నమస్కారం. ఇటలీలో తురీన్ దగ్గర ఒక పాతకార్ల వ్యాపారి 1955 నాటి లాంచియా ఆరేలియా బి20 జీటీని అమ్మకానికి పెట్టారు. నాలుగో సిరీస్ బండి, ఎడమవైపు స్టీరింగు, 2451 సీసీ వి6 ఇంజను, ముదురు బూడిద రంగు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన కాకుండా, నార్డి అనే తయారీదారు పద్ధతిలో నేల మీద అమర్చి ఉంది. రెండు దశాబ్దాల కిందట రేకుపని, పెయింటింగు పూర్తిగా చేయించినట్టు ప్రకటనలో రాశారు గాని, ఇంజను గురించి "బాగా నడుస్తోంది" అన్న ఒక్క మాట తప్ప వివరం లేదు. ఫోటోలలో బండి కింది భాగం ఒక్కటంటే ఒక్కటి లేదు. ధర లక్ష యూరోలు దాటింది.

నేను వాహనాల గేరుబాక్సులు డిజైన్ చేసే పనిలో ఉన్నాను. క్లచ్చి, గేరుబాక్సు, మలుపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, వెనక బ్రేకులు అన్నింటినీ ఒకే కూర్పుగా వెనక చక్రాల మధ్య పెట్టిన ఈ కారును చాలా కాలంగా సొంతం చేసుకోవాలనుకుంటున్నాను. కొంటే ప్రదర్శనకు దాచను, ఆల్ప్స్ కనుమల మీదుగా నడుపుతాను. రేకులో, యంత్రంలో ముందుగా ఏమి పరీక్షించాలో, నార్డి మార్పు వల్ల విలువ తగ్గుతుందో లేదో, జర్మనీలో పాతవాహనాలకు ఇచ్చే హెచ్ నంబరు దీనికి వస్తుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

సుధీర్, స్టట్‌గార్ట్:

రవిశంకర్ గారూ, నేను పాతకార్లను పునరుద్ధరించే షెడ్డులో పనిచేస్తున్నాను, ఆరేలియాలను లిఫ్టు మీద చూసిన అనుభవం ఉంది. కింది నుంచి తీసిన ఫోటోలు లేని ప్రకటనను చూసి ఒక్క యూరో కూడా బయానా ఇవ్వకండి. ఈ కారుకు విడి ఛాసిస్ ఉండదు. రేకు శరీరమే మొత్తం భారాన్ని మోస్తుంది. కనుక తలుపుల కింద బండి పొడవునా సాగే సిల్లులు, నేల రేకు, వెనక యాంత్రిక కూర్పును బిగించిన చోట్లు తుప్పు పట్టాయంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బండి వెన్నుకే వచ్చిన జబ్బు. రెండు దశాబ్దాల కిందటి పెయింటింగు కింద ఎంత పుట్టీ ఉందో చిన్న అయస్కాంతంతోనే చాలావరకు తేల్చుకోవచ్చు, రంగు మందం కొలిచే పరికరం ఉంటే మరీ మంచిది. బండిని లిఫ్టు మీద నాలుగు మూలలా లేపి ఉంచి తలుపులు తెరిచి మూయమనండి. శరీరం గట్టిగా ఉంటే తలుపు సందులు మారవు. మారితే సిల్లుల లోపల ఏదో కరిగిపోయిందని అర్థం. పినిన్ ఫరీనా కార్ఖానాలో ఈ శరీరాలకు చేతిపని ఎక్కువ, అందుకే ఒక బండి తలుపు మరో బండికి సరిగ్గా కుదరదు. పాడైన రేకును బయట కొనుక్కోవడం కుదరక కొత్తగా మలచుకోవలసి వస్తుంది, ఖర్చు అక్కడే పెరుగుతుంది.

యంత్రం విషయానికి వస్తే, ఇంజను బ్లాకు అల్యూమినియం, సిలిండరు లైనర్లు ఇనుము, వాటి చుట్టూ నేరుగా నీరు తిరుగుతుంది. సరైన కూలెంటు లేకుండా ఏళ్ల తరబడి నిలబెట్టిన బండిలో అల్యూమినియం తినుకుపోయి, లైనర్ల అడుగున ఉన్న సీలు దగ్గర నీరు ఆయిల్లోకి దిగుతుంది. ఆయిలు మట్టం చూపే డిప్‌స్టిక్కు తీసి చూడండి, ఆయిలు మూత లోపలివైపు తెల్లని జిగురు ఉందేమో చూడండి, ఆరు సిలిండర్ల కంప్రెషన్ మీ కళ్లముందే కొలిపించండి. ఇంజను వేడెక్కిన తరువాత, చల్లగా ఉన్నప్పుడు, రెండు వేళలా ఆయిలు ఒత్తిడి చూడాలి. వ్యాపారి మీరు రాకముందే ఇంజనును వేడిచేసి ఉంచితే మరోరోజు వస్తానని చెప్పి వెనుదిరగండి.

మీకు బాగా ఇష్టమైన ఆ వెనక కూర్పే అన్నింటికన్నా ఖరీదైన భాగం. క్లచ్చి వెనకనే ఉండటం వల్ల, ఇంజను శక్తిని వెనక్కి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు ఎప్పుడూ ఇంజను వేగంతోనే తిరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉన్నా అది ఆగదు. షాఫ్టు బ్యాలెన్సు ఏ కాస్త తప్పినా, దాని కీళ్లలోని రబ్బరు పాడైనా, నిలిచి ఉన్న బండిలోనే సీటు కింద వణుకు తెలుస్తుంది. అందుకని నిలబెట్టిన చోటనే ఇంజను వేగం మెల్లగా పెంచుతూ ఏ దశలో వణుకు మొదలవుతుందో గమనించండి. వెనక బ్రేకు డ్రమ్ములు చక్రాల దగ్గర కాకుండా లోపల డిఫరెన్షియల్‌ను ఆనుకుని ఉంటాయి కాబట్టి సీలు కారితే ఆయిలు నేరుగా బ్రేకు షూల మీద పడుతుంది. అక్కడికి చెయ్యి చేరడమే కష్టం గనుక చాలామంది యజమానులు ఆ పనిని వాయిదా వేస్తారు. ముందు సస్పెన్షన్ లాంచియాకే ప్రత్యేకమైన స్లైడింగ్ పిల్లర్ పద్ధతి, 1922 నాటి లాంబ్డా నుంచి వస్తున్నది. స్ప్రింగు, డ్యాంపరు రెండూ ఆ నిలువు గొట్టంలోనే ఆయిలులో మునిగి ఉంటాయి. అక్కడ లీకు ఉన్నదంటే లోపలి అరుగుదల కూడా చూడాలి.

భాస్కరరావు, విశాఖపట్నం:

నేను మెకానికల్ ఇంజనీరింగ్ బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సుధీర్ గారు పరీక్షల గురించి చక్కగా చెప్పారు, నేను సిరీస్ గురించి చెబుతాను. ఎందుకంటే ఆరేలియా బి20 అన్న ఒకే పేరుతో 1951 నుంచి 1958 వరకు ఆరు రకాల కార్లు వచ్చాయి, వాటి నడకలో చాలా తేడా ఉంది.

వి6 ఇంజనును వరుస ఉత్పత్తిలో పెట్టిన మొదటి కారు 1950లో వచ్చిన ఆరేలియా సెడాన్. రెండు వరుసల సిలిండర్ల మధ్య 60 డిగ్రీల కోణం ఉంచితే ఆరు సిలిండర్లతో కుదుపు తక్కువగా ఉంటుందని లెక్కకట్టి చూపినవారు ఫ్రాంచెస్కో డి వర్జీలియో, ఆ కార్యక్రమం మొత్తానికి పెద్ద విత్తోరియో యానో. 1951లో అదే పునాది మీద బి20 కూపే వచ్చింది, ఇంజను 1991 సీసీ, 75 అశ్వశక్తి. ఆ ఏడాదే ఇటలీ రోడ్డు పందెం మిల్లె మిల్యాలో జొవాన్ని బ్రాకో, ఉంబెర్తో మాల్యోలి ఆ చిన్న ఇంజనుతో విల్లొరేసి నడిపిన ఫెరారీ తరువాత రెండో స్థానంలో నిలిచారు. దూరప్రయాణాలకు సుఖంగా ఉంటూ పందెంలోనూ నిలబడగలిగిన కారుకు, నా అభిప్రాయంలో, ఇంతకన్నా గొప్ప ప్రశంసాపత్రం అక్కరలేదు.

1953లో మూడో సిరీస్‌తో ఇంజను 2451 సీసీకి, శక్తి 118 అశ్వశక్తికి పెరిగింది. ఆ మూడో సిరీస్ దాకా వెనక సస్పెన్షన్ సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ పద్ధతి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి ఒక్కసారిగా కాలు తీస్తే వెనక చక్రాల వాలు మారి బండి తోక బయటికి జారేది. నేర్పున్న పందెపు డ్రైవర్లు దాన్ని వాడుకున్నారు గాని మామూలు యజమానికి అది ప్రమాదం. 1954లో వచ్చిన నాలుగో సిరీస్‌లో డి డియాన్ పద్ధతి పెట్టారు. డిఫరెన్షియల్ బరువు శరీరం మీదే ఉంటుంది, రెండు చక్రాలను ఒక గొట్టం కలిపి నిటారుగా నిలుపుతుంది. ఆల్ప్స్ కనుమల మీద నడపాలనుకునే మీకు అన్ని సిరీస్‌లలోనూ తగినది ఇదే. ఐదు, ఆరు సిరీస్‌లలో సౌకర్యం పెంచి శక్తిని కొంత తగ్గించారు.

లాంచియా అంతకుముందు ఇటలీలో సైతం ఎక్కువగా కుడివైపు స్టీరింగుతోనే కార్లు చేసేది. బి20లో ఎడమ స్టీరింగు ఈ నాలుగో సిరీస్‌తోనే మొదలైంది. ఆ కార్ల ఛాసిస్ నంబరు బి20 ఎస్ అన్న అక్షరాలతో మొదలవుతుంది. మీ వ్యాపారి చూపే నంబరు అలా లేకపోతే స్టీరింగును తరువాత మార్చారేమోనని అడగాలి.

కామేశ్వరి, మిలాన్:

రవిశంకర్ గారూ, ఇటలీలో ఉంటున్నందువల్ల కాగితాల సంగతి చెప్పగలను. ఇక్కడ వాహన యాజమాన్యం ప్రభుత్వ మోటారు రిజిస్టరులో నమోదై ఉంటుంది. నంబరు ప్లేటు వివరం ఇచ్చి ఆ రిజిస్టరు నుంచి యజమానుల చరిత్ర పత్రాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. బండి ఎన్ని చేతులు మారింది, దాని మీద అప్పు ఉందా, ఎప్పుడైనా రిజిస్టరు నుంచి తొలగించారా అన్నవి అందులో తెలుస్తాయి. పాత నల్ల ప్లేటు, తొలినాటి లిబ్రెత్తో (బండి నమోదు పుస్తకం) రెండూ ఉంటే ఆ బండికి విలువ ఎక్కువ. లాంచియా వారసత్వ విభాగం ఛాసిస్ నంబరును బట్టి పుట్టుక పత్రం ఇస్తుంది. బండిలోని ఇంజను నంబరును దానితో తప్పక పోల్చండి. ఆరేలియా సెడాన్ల ఇంజన్లు బయటికి బి20 ఇంజనులాగే కనిపిస్తాయి. బి12 సెడాన్‌ది 2266 సీసీ. అలాంటి ఇంజను అమర్చిన బి20 బాగానే నడుస్తుంది గాని అడిగిన ధరకు తూగదు.

ఇంకొక చట్టం కూడా ఉంది. డెబ్బై ఐదేళ్లు దాటిన వాహనాన్ని దేశం దాటించాలంటే సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి. 1955 కారుకు 2030 వరకు ఆ చిక్కు లేదు. మొదటి సిరీస్ కోసం చూసేవారు మాత్రం గుర్తుంచుకోవాలి.

నార్డి మార్పు గురించి నాది వేరే మాట. నేలగేరును అందరూ గొప్పగా చెబుతారు, అమ్మకపు ప్రకటనలు దాన్ని అలంకారంగా చూపుతాయి. లాంచియా ఇంజనీర్లు స్టీరింగు పక్కన పెట్టిన రాడ్డుతోనే ఈ కారును పూర్తి చేశారు, ముందు వరుసలో చోటు విశాలంగా ఉండటానికి కూడా అదే కారణం. సరిగా సర్దిన కాలమ్ గేరు మెత్తగా, కచ్చితంగా పడుతుంది. నేనైతే మార్చని బండినే వెతుకుతాను.

సుధీర్, స్టట్‌గార్ట్:

కామేశ్వరి గారి అభిమానాన్ని గౌరవిస్తాను, అయినా నార్డిని తరువాతి కాలపు కల్తీగా చూడలేను. ఎన్రికో నార్డి పనిచేసింది తురీన్‌లోనే. ఈ నేలగేరు, జంట కార్బురేటర్ల మానిఫోల్డు ఆ రోజుల్లోనే ఆరేలియా యజమానులకు అమ్మినవి. హెచ్ నంబరుకు బండి వయసు ముప్పై ఏళ్లు దాటాలి, మౌలిక రూపం చెడకుండా ఉండాలి. ఆ కాలంలోనే దొరికిన మార్పులకు తనిఖీదారులు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. నంబరు వస్తే రోడ్డు పన్ను ఏడాదికి 191.73 యూరోలు, ఇంజను సైజుతో సంబంధం లేదు. చూడవలసింది అసలు నార్డి భాగమా, ఈమధ్య పోసిన నకలా అన్నదే. అసలైనదైతే విలువ తగ్గదు. నకలైతే ధరలో ఆ మేరకు తగ్గించమని అడగండి, తొలినాటి కాలమ్ గేరు భాగాలు పెట్టెలో భద్రంగా ఉన్నాయేమో కూడా అడగండి.

రవిశంకర్, మ్యూనిక్:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కింది భాగం ఫోటోలు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, ప్లేటు వివరం పంపమని వ్యాపారికి ఈ రోజే రాశాను. రిజిస్టరు పత్రం చేతికి వచ్చి, బి20 ఎస్ నంబరు సరిపోతేనే తురీన్ వెళతాను. అక్కడ స్వతంత్రంగా పనిచేసే మెకానిక్ ఒకరిని వెంటబెట్టుకుని, చల్లని ఇంజనుతో పరీక్ష మొదలుపెట్టి, లిఫ్టు మీద సిల్లులు, వెనక డ్రమ్ములు చూపించమంటాను. లిఫ్టు ఎక్కించడానికి వ్యాపారి ఒప్పుకోకపోతే ఈ బండిని వదులుకుని, డి డియాన్ వెనక భాగమే ఉన్న కుడి స్టీరింగు నాలుగో సిరీస్ కారు కోసం చూస్తాను.