ఆన్‌లైన్ సభకు ఉమ్మడి బ్రౌజర్: నెకో సర్వర్ ఏర్పాట్లు

సాంకేతిక బృందం:
పిల్లల క్విజ్‌కీ, వికీసోర్స్ పుస్తకాలు కలిసి చూసే గంటకీ ఒకే బ్రౌజర్ అందరికీ కనిపించాలి, మౌస్ చేతులు మారాలి. స్క్రీన్ షేరింగ్‌తో సగం పనే అవుతుంది, అందుకే నెకో అనే ఉమ్మడి బ్రౌజర్ సాఫ్ట్‌వేర్ పెడదాం. సర్వర్‌లో డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామును విడిగా నడిపే పెట్టె లాంటిది) ఫైర్‌ఫాక్స్ నడుస్తుంది, దాని తెర, శబ్దం వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్లకు వీడియో, ఆడియో అప్పటికప్పుడు పంపే పద్ధతి) ద్వారా అందరికీ అందుతాయి. చూసేవాళ్లకు లింకు, పాస్‌వర్డ్ చాలు.

సర్వర్‌కు 4 ప్రాసెసర్ కోర్లు, 4 జీబీ ర్యామ్; తెర 1280×720, సెకనుకు 30 ఫ్రేములు. నెకో వీడియోను ఒక్కసారే ఎన్‌కోడ్ చేసి (పంపడానికి వీలుగా కుదించి) అందరికీ పంపుతుంది కాబట్టి, జనం పెరిగితే భారం ప్రాసెసర్ కంటే అప్‌లోడ్ మీదే ఎక్కువ. మనిషికి 3 ఎంబీపీఎస్ లెక్కన 40 మందికి 120 ఎంబీపీఎస్. ఎవరింటి కనెక్షనూ నమ్ముకోవద్దు, అద్దె సర్వరే తీసుకుందాం. షేర్డ్ మెమరీ (బ్రౌజర్ భాగాలు కలిసి వాడుకునే మెమరీ) 2 జీబీ అని కంటైనర్ సెట్టింగ్‌లు రాసే కంపోజ్ ఫైల్లో తప్పకుండా రాయాలి. డాకర్ మామూలుగా ఇచ్చేది 64 ఎంబీ, బరువైన పేజీ తెరవగానే ట్యాబ్ కూలిపోతుంది.

రిజిస్ట్రేషన్ బృందం:
లాగిన్ అయ్యాక తెర నల్లగా ఉండిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెప్పమంటారు?

సాంకేతిక బృందం:
అసలు జాగ్రత్త అక్కడే, అడగడం మంచిదైంది. లాగిన్ పేజీ 8080 టీసీపీ పోర్టులో వస్తుంది (పోర్టు అంటే సర్వర్‌లోకి నంబరున్న ద్వారం; టీసీపీ, యూడీపీ డేటా పంపే రెండు పద్ధతులు), దాని ముందు రివర్స్ ప్రాక్సీ (వచ్చే అభ్యర్థనలను అందుకుని లోపలికి పంపే సర్వర్), హెచ్‌టీటీపీఎస్ పెడతాం. తెర మీది వీడియో మాత్రం ప్రాక్సీ గుండా రాదు, 52000 నుంచి 52100 వరకు ఉన్న యూడీపీ పోర్టుల్లో నేరుగా వస్తుంది. అవి ఫైర్‌వాల్‌లో మూసి ఉంటే లాగిన్ బాగానే అవుతుంది, తెర రాదు. కంటైనర్ లోపలా బయటా పోర్టు నంబర్లు ఒకటే ఉండాలి, ఎందుకంటే నెకో తన నంబరునే బ్రౌజర్‌కు చెబుతుంది. సర్వర్ పబ్లిక్ ఐపీ కూడా సెట్టింగ్‌లో సరిగ్గా ఉండాలి. అందరికీ నలుపే అయితే తప్పు మన దగ్గరే. ఒక్కరికే అయితే వాళ్ల నెట్‌వర్క్ యూడీపీని ఆపుతుండవచ్చు, మొబైల్ డేటాకు మారమనండి. అందుకే పరీక్ష సర్వర్ ఉన్న చోటు నుంచి కాకుండా బయటి నెట్‌వర్క్ నుంచి చేయాలి.

శబ్దం రావట్లేదంటే చాలాసార్లు కారణం చిన్నదే: పేజీలో ఒకసారి క్లిక్ చేసేదాకా బ్రౌజర్లు ఆడియో వినిపించవు.

కార్యక్రమ బృందం:
తెలుగు పేజీలు అక్షరాల బదులు డబ్బాలుగా కనిపిస్తాయా?

సాంకేతిక బృందం:
కంటైనర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే అంతే. చూసేవాళ్ల కంప్యూటర్లో ఉన్నా లాభం లేదు, అక్షరాలు గీసేది సర్వరే. డెబియన్‌లోని నోటో కోర్ ఫాంట్ల ప్యాకేజీ కలిపి మన ఇమేజ్ (కంటైనర్‌కు మూలమైన అచ్చు) తయారు చేద్దాం. తెలుగు టైపింగ్ తడబడవచ్చు, ముందే రాసుకుని క్లిప్‌బోర్డు ద్వారా అతికించడం మేలు.

అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరికే ఇవ్వండి. క్విజ్ మాస్టర్ చదువుతున్నంతసేపూ కంట్రోల్ లాక్‌లో ఉంచి, పిల్లల పేరు పిలిచినప్పుడే అప్పగించాలి. ఆ బ్రౌజర్‌లో ఎవరూ సొంత మెయిల్ తెరవకూడదు, కంట్రోల్ తీసుకున్న తర్వాతి మనిషి చేతికి ఆ ఖాతా వెళ్లిపోతుంది. రెండు సెషన్ల మధ్య కంటైనర్‌ను రీస్టార్ట్ చేసినంత మాత్రాన కుకీలు (లాగిన్ గుర్తుంచే చిన్న ఫైళ్లు) పోతాయని నమ్మలేం, కంటైనర్‌ను తీసేసి కొత్తది సృష్టించాలి. బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను వాల్యూమ్‌గా (కంటైనర్ పోయినా మిగిలే బయటి నిల్వగా) తగిలించకపోతేనే ఇది పనిచేస్తుంది.