గంటంబావు ప్రయాణానికి అంత టికెట్టా? (కరేబియన్ దీవుల గురించి)

పటమట కుర్రాడు:
నాన్న ఈ ఏడాది రిటైరవుతున్నారు. వెస్టిండీస్‌లో ఒక టెస్టు మ్యాచ్ చూడాలని ఆయనకి ఎప్పటి నుంచో కోరిక. హైదరాబాద్ నుంచి బార్బడోస్ వరకు ఎలాగో సర్దుకుంటోంది. చిక్కంతా అక్కడి నుంచి ఆంటిగ్వా వెళ్లడం దగ్గరే. రేటు చూస్తే కళ్లు తిరిగాయి. ఒక సైట్ అయితే ఏకంగా మయామి మీదుగా చూపించింది. గన్నవరం నుంచి హైదరాబాద్ వెళ్లడానికి దుబాయ్ తిరిగొచ్చినట్టు! ఆ దీవుల మధ్య జనం తిరగరా?

బ్రాడీపేట 4/14:
తిరుగుతారు తమ్ముడూ, విమానం నిండేంత మంది తిరగరు. బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ అకౌంట్స్‌లో మూడేళ్లు చేశాను. టికెట్ బిల్లులు నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. డొమినికా జనాభా డెబ్బై వేలు, మన తెనాలిలో సగం కూడా కాదు. బార్బడోస్ మొత్తం కలిపినా మూడు లక్షల లోపే. కానీ ఒక్కోటి ఒక్కో దేశం. ఎయిర్‌పోర్టు, ఫైరింజన్లు, ఇమ్మిగ్రేషన్ ఎవరివి వాళ్లకుండాల్సిందే. ఆ ఖర్చు పన్నులుగా, ఫీజులుగా టికెట్ మీదే పడుతుంది. కొన్ని బిల్లుల్లో అసలు చార్జీ ఎంతో పన్నులూ దాదాపు అంతే ఉండేవి.

టూరిస్టులు బోలెడంత మంది వస్తారు కదా అంటావేమో. వాళ్లు న్యూయార్క్, లండన్, టొరంటో నుంచి నేరుగా ఒక దీవిలో దిగుతారు, వారం ఉండి అటే పోతారు. పక్క దీవికి వెళ్లేది ఆఫీసర్లు, యూనివర్సిటీ పిల్లలు, చిన్న వ్యాపారులు, పెళ్లికో చావుకో వెళ్లే చుట్టాలు. ఇక ట్రినిడాడ్ కార్నివాల్ వచ్చిందా, మన సంక్రాంతే. హైదరాబాద్ నుంచి బెజవాడ బస్సులు కిటకిటలాడుతూ వచ్చి ఖాళీగా వెనక్కి పోతాయి చూడు, అక్కడ విమానాలదీ అదే కథ.

పటమట కుర్రాడు:
పల్లెవెలుగు బస్సులా నష్టమొచ్చినా ప్రభుత్వమే నడపొచ్చుగా అన్నా?

బ్రాడీపేట 4/14:
ట్రినిడాడ్, టొబాగో మధ్య అలాగే నడుపుతున్నారు. రెండూ ఒకే దేశం కాబట్టి సబ్సిడీ ఇవ్వడానికి పేచీ లేదు. మిగతా చోట్ల ఎవరి వాటా ఎంతన్నదే గొడవ. 1956లో మొదలైన లియాట్ అనే ఎయిర్‌లైన్ అలాంటిదే, కొన్ని ప్రభుత్వాలు కలిసి మోశాయి. 2020లో కరోనా దెబ్బకి కూలిపోయింది. 2024లో ఒక నైజీరియా ఎయిర్‌లైన్ చేయి కలిపితే, పేరు కాస్త మార్చుకుని మళ్లీ ఎగిరింది.

గవర్నర్‌పేట ట్రావెల్స్:
మయామి దారి పట్టొద్దు బాబూ. విమానం మారడానికే అయినా అమెరికా వీసా కావాలి. ఇంకోటి, జూన్ నుంచి నవంబర్ దాకా తుపాన్ల కాలం. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో వరల్డ్ కప్ గెలిచిన మన జట్టే బెరిల్ తుపాను వల్ల ఎయిర్‌పోర్టు మూతపడి అక్కడే ఇరుక్కుపోయింది. జూలై 3న ప్రత్యేక విమానం తెప్పించుకుని బయటపడ్డారు. మీ కోసం ఎవరూ పంపరు. ఒక్క దీవిలోనే ఉండి మ్యాచ్ చూసుకోండి.

పటమట కుర్రాడు:
నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఆంటిగ్వా వద్దులేరా, బ్రిడ్జ్‌టౌన్‌లోనే ఐదు రోజులూ కూర్చుంటా అన్నారు. మ్యాచ్ మూడో రోజే అయిపోతే ఏం చేస్తారో అడగలేదు.