ఆంకోర్‌కి మూడు రోజులు: ఏ గుళ్లు వదలకూడదు?

ప్రశ్న: కంబోడియాలో ఆంకోర్ గుళ్ల దగ్గరి ఊరు సియెమ్ రీప్‌లో మూడు రోజులుంటాం. ఆంకోర్ వాట్ కాక ఇంకేం చూడాలి? గుళ్లు చూడ్డానికి పాస్ ఏది తీసుకోవాలండీ?

జవాబు 1: మూడు రోజుల పాస్, 62 డాలర్లు. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. చిరిగిన నోట్లు తీసుకోరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే ఆంకోర్ వాట్ పై అంతస్తు ఎక్కనివ్వరు. చున్నీ కప్పుకుంటే సరిపోదు.

జవాబు 2: ఆంకోర్ వాట్ పడమటి ముఖం గుడి. పొద్దున ఫొటోల్లో గోపురాలు నల్లగా పడతాయి, మధ్యాహ్నం మూడు దాటాక తీయండి. తూర్పు వసారాలో దక్షిణం వైపు క్షీరసాగర మథనం శిల్పం ఉంది. కథ మనకెవరూ చెప్పక్కర్లేదు! బాంతే స్రే (967 నాటి గుడి) చాలా దూరం, పొద్దున్నే బయల్దేరండి.

జవాబు 3: రాజధాని ఫ్నామ్ పెన్ నుంచి రోడ్డున వస్తే కంపాంగ్ థామ్ దగ్గర సంబోర్ ప్రే కుక్ చూడండి. ఏడో శతాబ్దపు ఇటుక గుళ్లు. ఆంకోర్ పాస్ అక్కడ చెల్లదు.