ఎల్క్ (పెద్ద కొమ్ముల జింక) వేటకి వెళ్తే గైడ్‌కీ, క్యాంపు వాళ్లకీ టిప్ ఎంతివ్వాలి?

డాలస్_చిన్నోడు: అక్టోబరులో నేనూ, మా బావమరిదీ కొలరాడో ఎల్క్ వేటకి వెళ్తున్నాం. ఐదు రోజులు, మనిషికి 7,000 డాలర్లు, ఇద్దరికీ ఒకే గైడ్. టిప్ సంగతి అడిగితే అవుట్‌ఫిట్టర్ (వేట ఏర్పాట్లన్నీ చేసే యజమాని) "మీ ఇష్టం" అని నవ్వేశాడు. ఆ మాటతోనే టెన్షన్ మొదలైంది.

కొండదారి: మామూలుగా వేట ఖర్చులో 10 నుంచి 15 శాతం. అంటే మీలో ఒక్కొక్కరూ 700 నుంచి 1,050 దాకా. లైసెన్సు, విమానం ఖర్చులు ఈ లెక్కలోకి రావు. ఇద్దరికో గైడ్ అంటే ధర ముందే తగ్గి ఉంటుంది, కాబట్టి ఎవరి శాతం వాళ్లు ఇచ్చుకోవాలి.

అరోరా_రవి: ఈ శాతాల లెక్క నాకు నచ్చదన్నా. ప్రైవేటు ర్యాంచ్‌లో గైడ్ మనల్ని బండిలో తిప్పుతాడు. అడవిలో గుడారాల క్యాంపైతే చీకట్లోనే లేచి గుర్రాలకి జీన్లు కట్టాలి. ఎల్క్ పడ్డాకే అసలు చాకిరీ: తోలు ఒలిచి, తొడలూ జబ్బలూ విడదీసి, గుడ్డ సంచుల్లో వేసి, కంచరగాడిదల మీదకెక్కించాలి. వెనక తొడ ఒక్కటే ఎముకతో 50 పౌన్లు దాటుతుంది. గుర్రం రాలేని చోట అది మోసేది అతని వీపే. అక్కడ 15 శాతం కూడా తక్కువే.

డాలస్_చిన్నోడు: ఏమీ దొరక్కపోతే?

అరోరా_రవి: అయినా ఇవ్వాలి. కొమ్ములకి కాదుగా ఇచ్చేది. గైడ్ బద్ధకిస్టైతే మాత్రం మొహమాటపడకుండా తగ్గించండి, ఎందుకో అవుట్‌ఫిట్టర్‌కి చెప్పండి.

సునీత_కె: వంటమనిషినీ, గుర్రాలు చూసేవాళ్లనీ అందరూ మర్చిపోతారు. మా వారు శనివారం మాంసం ముట్టరని తెలిసి వంటావిడ బీన్స్ వేరే గిన్నెలో వండి పెట్టింది. వేటకొచ్చి ఇదేం నియమమని గైడ్ ఒకటే నవ్వు! ఆమెకి మేమిద్దరం చెరో వందా విడిగా ఇచ్చాం. అంతా ఒకే కవర్లో యజమానికిస్తే ఎవరికెంత చేరుతుందో అడిగి మరీ ఇవ్వండి.

కొండదారి: నగదు ఊళ్లోనే తీసుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు. పేర్లు రాసిన కవర్లు ఆఖరి రాత్రి భోజనాలయ్యాక ఎవరిది వాళ్ల చేతికివ్వండి.

డాలస్_చిన్నోడు: బావమరిది మంచి కత్తి కొనిద్దామంటున్నాడు.

కొండదారి: భేషుగ్గా ఇవ్వండి, డబ్బుతో పాటు. కత్తులు వాళ్ల దగ్గర బోలెడుంటాయి బ్రో.