అప్‌డేట్: రెండు కిట్లు కలిపి నీళ్ల ట్యాంకర్ చేస్తానన్నది నేనే

1/35 స్కేల్ (అసలు బండిలో 35వ వంతు సైజు) ప్లాస్టిక్ మోడల్ మిలటరీ ట్రక్కు కిట్‌ను మన హనుమకొండ వీధుల్లో తిరిగే నీళ్ల ట్యాంకర్‌లా మార్చాలని, దానికి ఇంకా చిన్న స్కేల్ అయిన 1/48 కిట్ భాగాలు పనికొస్తాయా అని అడిగాను కదా. బండి పూర్తయింది, కొంచెం వంకరగా.

పెట్టెలు, గొట్టాలకు స్కేల్ పట్టించుకోవద్దు, మనిషి చెయ్యో కాలో పెట్టేవాటికి మాత్రం చూసుకో అని మీలో ఒకరన్నారు. నూటికి నూరుపాళ్లు నిజం. 1/48 నిచ్చెన అతికించాక చూస్తే చిన్నపిల్లల నిచ్చెనలా ఉంది. మెట్టుకూ మెట్టుకూ అసలు దూరం 30 సెంటీమీటర్లు అనుకుంటే 1/35లో ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు రావాలి, దానికేమో ఆరు చిల్లర! పీకేసి, కిట్ భాగాలు విరిచాక మిగిలే ఖాళీ ఫ్రేముల పుల్లలతో నేనే కట్టుకున్నా.

ట్యాంకుకు 40 ఎంఎం పీవీసీ పైపు సరిగ్గా సరిపోయింది. అడిగితే హార్డ్‌వేర్ షాపాయన, "జానెడు పైపుతోని ఏం జేస్తవ్ తమ్మీ?" అని నవ్వి తుక్కులోంచి ఊరికే ఇచ్చేశాడు. కిట్ గమ్ పీవీసీని పట్టలేదు. గరుకు కాగితంతో రుద్ది సూపర్ గ్లూ వేస్తే పట్టింది.

అదే గ్లూతో బండి అద్దం అతికించడం నా తెలివితక్కువతనం. పొద్దున లేచేసరికి అద్దమంతా తెల్లటి పొగ పట్టి ఉంది. వేరే అద్దం లేదు. అందుకే బండి మొత్తానికీ దుమ్ము రంగు కొట్టేశా. ఇప్పుడు ఎండాకాలం ట్యాంకర్ అంటే అందరూ నమ్ముతున్నారు.