జర్నల్ ఉన్నా ఫైలు ఖాళీ ఎలా అయింది? (ఎక్స్‌ఎఫ్‌ఎస్)

రాత్రిషిఫ్టు:
ఆఫీసులో యూపీఎస్ హ్యాండిచ్చింది, కరెంటు పోగానే సర్వర్ కూడా పోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఎక్స్‌ఎఫ్‌ఎస్ (డిస్కులో ఫైళ్లని అమర్చే ఒక ఫైల్‌సిస్టమ్) డిస్కు క్షణాల్లో మౌంట్ అయింది (వాడకానికి సిద్ధమైంది), ఒక్క ఎర్రర్ లేదు. తీరా చూస్తే కరెంటు పోయే ముందు మా స్క్రిప్టు కొత్తగా రాసిన కాన్ఫిగ్ ఫైలు సైజు సున్నా! మరి ఆ జర్నల్ (మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఏం చేస్తున్నట్టు?

డిస్కుపురుగు:
దాని పని అది చేసింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాగ్‌లోకి (జర్నల్ అన్నా ఇదే) వెళ్లేది మెటాడేటా మార్పులే, అంటే ఫైలు పేరు, సైజు, ఏ బ్లాకులు (డిస్కు ముక్కలు) ఏ ఫైలువి అన్న లెక్కలు. ఫైలు లోపలి డేటా అందులోకి వెళ్లదు. మౌంట్ చేసేటప్పుడు లాగ్‌లో పూర్తిగా ఉన్న ట్రాన్సాక్షన్లను (కలిసి జరగాల్సిన మార్పుల కట్టలను) మళ్లీ అమలు చేసి, సగంలో ఆగినవాటిని వదిలేస్తుంది, అందుకే ఎన్ని టెరాబైట్లున్నా డిస్కంతా వెతికే పని లేదు.

మీ ఫైలు సంగతికొస్తే, కారణం డిలేయ్డ్ అలొకేషన్. రాసిన డేటా ముందు ర్యామ్‌లోనే ఉంటుంది, మామూలు సెట్టింగ్స్‌లో 30 సెకన్లు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. బ్లాకులు కూడా అప్పటిదాకా కేటాయించదు, డేటా పోగయ్యాక ఒకేచోట పెద్ద ముక్కగా ఇవ్వొచ్చని. స్పీడ్ సగం అక్కడే వస్తుంది. ఫైలు పుట్టిందన్న కబురు లాగ్‌కెక్కింది, డేటా ఎక్కేలోపు కరెంటు పోయింది.

రాత్రిషిఫ్టు:
అయితే ఈఎక్స్‌టీ4కి (లినక్స్‌లోని మరో ఫైల్‌సిస్టమ్) మారిపోనా?

పాతయూనిక్స్:
మారినా ఇదే గొడవ, అందులోనూ డిలేయ్డ్ అలొకేషన్ ఉంది, మామూలుగా జర్నల్‌కెక్కేదీ మెటాడేటానే. డేటా కూడా జర్నల్‌లో రాసే మోడ్ ఒకటుంది గానీ ప్రతిదీ రెండుసార్లు రాయాలి కాబట్టి నేనైతే వాడను. స్క్రిప్టు మార్చండి: టెంప్ ఫైలులో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డేటా వెంటనే డిస్కుకెక్కేలా), ఆ తర్వాతే అసలు పేరుకి రీనేమ్ చేయండి. షెల్ స్క్రిప్టయితే సింక్ కమాండ్‌కి ఆ ఫైలు పేరిచ్చి తర్వాత ఎంవీ (రీనేమ్ చేసే కమాండ్) కొడితే చాలు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ 1994లో ఎస్‌జీఐ అనే కంప్యూటర్ కంపెనీ వాళ్ల ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది, పెద్ద పెద్ద ఫైళ్ల కోసం. డిస్కుని అలొకేషన్ గ్రూపులుగా విడగొట్టి, ఒక్కోదానికి సొంత బీ+ ట్రీలు (త్వరగా వెతకడానికి వీలైన సూచికలు) పెట్టారు, అందుకే చాలా థ్రెడ్లు ఒకేసారి రాస్తున్నా ఒకదానికోసం ఒకటి ఆగక్కర్లేదు. చిన్న ఫైళ్లు వేలకొద్దీ చెరిపితే మాత్రం ఒకప్పుడు నరకమే. డిలేయ్డ్ లాగింగ్ వచ్చాక (లినక్స్ 2.6.39 నుంచి డీఫాల్ట్) ఒకే ఇనోడ్‌కి (ఒక ఫైలు వివరాలుండే రికార్డుకి) వచ్చే మార్పుల్ని మెమరీలో కలిపి లాగ్‌లో ఒకేసారి రాస్తోంది, ఆ బాధ చాలావరకు తప్పింది.

డిస్కుపురుగు:
ఇంకోటి, ఎప్పుడైనా మౌంట్ కాకపోతే ఎవరో చెప్పారని ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్‌ని (ఫైల్‌సిస్టమ్‌ని బాగుచేసే టూల్) క్యాపిటల్ ఎల్ ఆప్షన్‌తో కొట్టకండి బాబూ, అది లాగ్‌ని తుడిచేస్తుంది, అందులో ఇంకా అమలుకాని మార్పులు పోతాయి.