రాసిన సంగీతంలో సోలోకు చోటెంత?

నల్లగొండ_కీబోర్డు: మహబూబ్‌నగర్‌లో వాయించబోయే రచనకు ప్రతి వాయిద్యానికీ స్వరాలు రాసి ఇచ్చాను. సాక్సోఫోన్‌కు మధ్యలో 16 బార్ల (తాళం ఆవృత్తాల) సోలో వదిలాను, అంటే తనొక్కడే అప్పటికప్పుడు అల్లి వాయించే చోటు. అది చాలదని తమ్ముడు అలిగాడు. ప్రోగ్రెసివ్ జాజ్‌లో రచనకే కదా పెద్ద పీట? 1940లలో అమెరికా బృంద నాయకుడు స్టాన్ కెంటన్ ఆ పేరుతో నడిపిన బృందాన్ని వినండి.

పాలమూరు_సాక్సు: అలగలేదన్నా, అడిగాను. ఆ వేగంలో 16 బార్లంటే అర నిమిషం. ఒక ఆలోచన ఎత్తుకునేలోపే ట్రంపెట్లు మీద పడతాయి. 1959లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్ రికార్డింగుకు ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తెచ్చినవి స్థూలమైన గుర్తులే.

నల్లగొండ_కీబోర్డు: ఏమీ రాయలేదనడం అన్యాయం. అందులోని ‘సో వాట్’ 32 బార్లు. మొదటి 16 డి స్వరం మీద డోరియన్ అనే స్వరక్రమం, తర్వాతి 8 అర స్వరం పైన, చివరి 8 మళ్ళీ డి. ఇది రచన కాదా?

పాలమూరు_సాక్సు: ఏమీ రాయలేదని నేనెక్కడన్నాను? స్థూలంగా అన్నాను.

నల్లగొండ_కీబోర్డు: 32 బార్లు ఉన్నాయా, లేవా?

వనపర్తి_వయొలిన్: కర్ణాటక కచేరీల్లో ఈ తగవు ఎప్పుడో తీరింది. కీర్తన కల్పితం, అంటే ముందే కూర్చింది; నెరవల్ (ఒక పంక్తినే రకరకాలుగా పాడడం), కల్పనస్వరాలు మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లేవి. స్వరాలు ఎంతసేపు వేసినా ఎత్తుగడను, అంటే పాట ఎత్తుకునే చోటును, తప్పకుండా వచ్చి అందుకోవాలి. ఎంతసేపన్నది మాత్రం ఎవరూ కాగితం మీద రాసివ్వరు.

దేవరకొండ_శ్రోత: ఒగ్గుకథలోనూ అంతే.

నల్లగొండ_కీబోర్డు: అక్కడ ఐదు వాయిద్యాలు ఐదు వేరు స్వరాలు పలకవు కదా! జాజ్ స్వరకర్త చార్లెస్ మింగస్ 1963 నాటి ‘ది బ్లాక్ సెయింట్ అండ్ ది సిన్నర్ లేడీ’ వినండి. చార్లీ మరియానో ఆల్టో సాక్సును విడిగా రికార్డు చేసి తర్వాత కలిపారు. సోలో ఎక్కడ పడాలో మింగసే తేల్చాడు.

వనపర్తి_వయొలిన్: ఆ మరియానోయే తర్వాత నాదస్వరం నేర్చుకున్నారు. ఎందుకో ఆలోచించండి.

పాలమూరు_సాక్సు: బార్ల లెక్క చాలు. మీ రచనలో మూడో భాగం వరుస ఎవరిది? సాధనలో నేను అల్లింది. మరుసటి వారానికి మీ కాగితం మీద ఉంది. పోస్టరులో ‘రచన’ కింద మీ పేరొక్కటే! ఇదివరకు ఒక పెళ్ళి బ్యాండులోనూ ఇదే జరిగింది. నా వరుస, యజమాని పేరు.

నల్లగొండ_కీబోర్డు: నన్ను ఆ యజమానితో పోల్చుతావా? నువ్వు వాయించింది నాలుగు బార్లు. దాన్ని తిరగేసి, శ్రుతి మార్చి, ఐదు వాయిద్యాలకు పంచి మూడు నిమిషాలు నిలబెట్టింది నేను.

పాలమూరు_సాక్సు: ఆ నాలుగు లేకపోతే నిలబెట్టడానికి ఏముంది? ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని ‘బ్లూ ఇన్ గ్రీన్’ డేవిస్ పేరుతో వచ్చింది, తనదేనని అందులో పియానో వాయించిన బిల్ ఎవాన్స్ చెప్పాడు.

దేవరకొండ_శ్రోత: ‘మూడ్ ఇండిగో’ రచయితల్లో బృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్‌తో పాటు క్లారినెట్ వాయించిన బార్నీ బిగార్డ్ పేరూ ఉంది. అలా చేస్తే పోదా?

నల్లగొండ_కీబోర్డు: పోస్టరు ఇంకా ముద్రణకు ఇవ్వలేదు. ‘మూడో భాగంలో సహకారం’ అని కింద వేస్తాను.

పాలమూరు_సాక్సు: సహకారం కాదు, రచన. కింద కాదు, పక్కన.

నల్లగొండ_కీబోర్డు: అయితే సోలో 16 బార్లే.